నేనంటే గిట్టని వార్డు

నలభై దాటాక పుస్తకం పట్టిన మనిషికి రెండు సలహాలు ఉచితంగా దొరుకుతాయి. ఈ వయసులో చదువెందుకన్నది మొదటిది. ఇది ఎప్పుడో చదివి ఉండాల్సిందన్నది రెండోది. రెండూ ఇచ్చేది తరచు ఒకే మనిషి కావడం గమనించదగ్గ విషయం. మగవాళ్ళ జనరల్ వార్డులోని సీనియర్ నర్సు ఆ రెండింటినీ సమానమైన మర్యాదతో విని, మందుల ట్రాలీని ముందుకు తోసుకుంటూ పోయేది.

ఆమె ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరిన వారంలోనే వార్డు ఆమెకు చదువులక్క అని పేరు పెట్టింది. ఉద్యోగం మానకుండా చదవడమంటే ఉదయం డ్యూటీ ఉంటే మధ్యాహ్నం కాలేజీ, మధ్యాహ్నం డ్యూటీ ఉంటే ఉదయం కాలేజీ. ఈ రెండింటి మధ్య బస్సులో నిలబడి చదివిన పాఠాలే తనకు బాగా గుర్తున్నాయని ఆమె అనేది. పడిపోతామేమోనన్న భయం జ్ఞాపకశక్తికి మేలు చేస్తుందో లేదో ఎవరూ పరీక్షించినట్టు లేదు.

ఆమె చదువుకు ఆమె ఎంత కష్టపడిందో వార్డు దాదాపు అంతే కష్టపడింది. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి రేడియో అని పేరు తెచ్చుకున్న చిన్న నర్సు, పరీక్షల రోజుల్లో తన సెలవులు మార్చుకుని ఆమె డ్యూటీలు చేసింది. అందరూ బ్రదర్ అని పిలిచే మగ నర్సు, ఆమె సంతకం పెట్టవలసిన సరుకు లెక్కలన్నీ ముందుగానే సరిచూసి ఉంచేవాడు. నేల తుడిచే ఆయమ్మ, చదువులక్క పుస్తకం తెరిచి కూర్చుంటే ఆ గది వైపు ఎవరినీ పోనిచ్చేది కాదు. ఒకసారి సూపరింటెండెంటునే ఆపి, "లోపల చదువు జరుగుతోంది సార్" అని వెనక్కి పంపింది. ఇన్ని చేతులు పడ్డాక, రాబోయే డిగ్రీ తమ ఉమ్మడి ఆస్తి అన్న భావం వార్డులో స్థిరపడిపోయింది. ఉమ్మడి ఆస్తి ఎంత ప్రమాదకరమైనదో అప్పటికి ఎవరికీ తోచలేదు.

పరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది థీసిస్ ఒక్కటే. విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు ఈ టర్ముతో ముగుస్తుంది. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దయి, చదువంతా మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆసుపత్రిలో శిక్షణ నర్సు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. కొత్తగా చేరిన పిల్లలకు దగ్గరుండి పని నేర్పే ఉద్యోగమది. ఆ పని ఆమె ఏ పోస్టూ లేకుండానే ఏళ్ళ తరబడి చేస్తోంది, కానీ పోస్టుకు డిగ్రీ కావాలి. ఆమె కోరిక అదొక్కటే.

థీసిస్‌కు ఆమె తీసుకున్న విషయం చేతులు కడుక్కోవడం. ఒక రోగిని ముట్టుకుని ఇంకో రోగి దగ్గరకు వెళ్ళేముందు చేతులు కడుక్కోవాలని నర్సులందరికీ తెలుసు, డాక్టర్లకు ఇంకా బాగా తెలుసు. అయినా పని ఒత్తిడిలో కాళ్ళు సింకు వైపు తిరగవు. ఆ మాట గోడ మీద రాసి పెడితే, రాసినవాళ్ళు తప్ప ఎవరూ చదవరు. ప్రతి మంచం నుంచి సింకు దాకా నేల మీద పచ్చని పాదముద్రలు అంటిస్తే కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయా అన్నది ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్న మొదట విన్నది ఇంట్లో మామగారు. నీటి పరీక్షల కేంద్రంలో జీవితమంతా గాజు గొట్టాల్లోకి చూసి, తేటగా కనిపించే దేన్నీ వెంటనే నమ్మకూడదన్న నిర్ణయానికి వచ్చి రిటైరైన మనిషి ఆయన.

"కడుక్కుంటున్నారో లేదో ఎలా తెలుసుకుంటావమ్మా?" అని అడిగారు.

"సింకు దగ్గర నిలబడి చూస్తాను, మామయ్యగారూ."

"నువ్వు నిలబడితే నేనైనా కడుక్కుంటాను. దొంగతనాలు జరుగుతున్నాయో లేదో చూడ్డానికి పోలీసు యూనిఫాం వేసుకుని వెళ్ళినట్టుంటుంది."

"మరి?"

"మనుషుల్ని చూడకు. సబ్బును చూడు. దానికి నువ్వెవరో తెలీదు."

ఆ మాట ఆమెకు నచ్చింది. వార్డులో ఒక అధ్యయనం జరుగుతోందని చెప్పి అందరి అంగీకారమూ తీసుకుంది. ఏది కొలుస్తున్నదీ మాత్రం చెప్పలేదు. నియమాలు కూడా అలా చేయడానికి ఒప్పుకుంటాయి. సింకుల దగ్గర, నొక్కితే సబ్బు వచ్చే సీసాలను నింపాక ఒకసారి, మళ్ళీ నింపేముందు ఒకసారి, స్టోరు గదిలో తలుపు వేసుకుని త్రాసు మీద తూచేది. పాదాలు అంటించకముందు కొన్ని వారాలు, అంటించాక కొన్ని వారాలు.

పాదాలను కత్తిరించింది ఆమె భర్త. ఆయనది బోర్డులూ స్టిక్కర్లూ చేసే దుకాణం. ఎవరి కాలి కొలత తీసుకోవాలని ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. దగ్గరున్నది తన కాలే కాబట్టి దానితోనే కానిచ్చాడు. దాంతో వార్డు నేల మీద, ఆడవాళ్ళు ఇద్దరు కలిసి నిలబడగలిగినంత పెద్ద పాదాలు వెలిశాయి.

కాలి పుండు మానక నెలలుగా కిటికీ పక్క మంచం మీదున్న పెద్దాయన నిద్రలేచి వాటిని చూశాడు. "ఎవరమ్మా పచ్చరంగు తొక్కి వార్డంతా తిరిగింది?"

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా తాతా," అంది రేడియో. "మా చదువులక్క దాన్ని తిరగేసింది. ఇక్కడ కాలితో తొక్కాలి, చేత్తో కడగాలి."

"అయితే మీ డాక్టరు గారు పాదాల మధ్యలోంచి గెంతుకుంటూ పోతున్నాడే."

"ఆయన పెద్ద చదువు చదివాడు. ఆయనకు దారి తెలుసు."

అధ్యయనం ముగిసింది. ఫలితం చూసి చదువులక్క త్రాసును అనుమానించి, మందుల డబ్బా ఒకటి పెట్టి సరిచూసింది. త్రాసు బాగానే ఉంది. పాదాలు వచ్చాక సబ్బు వాడకం మూడింతలైంది.

కాలేజీలో ఆమె గైడు, అందరూ ప్రొఫెసరమ్మ అని పిలిచే పెద్దావిడ, ఆ అంకెలను కళ్ళజోడుతో ఒకసారి, కళ్ళజోడు లేకుండా ఒకసారి చూసింది. ఇలాంటి ఫలితం తన సర్వీసులో రాలేదని, వార్షిక సదస్సులో చదువులక్క దీన్ని అందరి ముందూ చదవాలని చెప్పింది. చదువులక్క ఆ రోజు బస్సులో సీటు దొరికినా కూర్చోవడం మరిచిపోయింది.

ఇంటికి రాగానే మామగారికి చెప్పింది. ఆయన చేతిలోని పత్రిక మడిచారు.

"మూడింతలా?"

"మూడింతలే."

"చాలా బాగుందమ్మా. మూడుసార్లు కడిగిన చేతిని మూడుసార్లు తుడుచుకోవాలి కదా. తుడుచుకునే కాగితాలు కూడా మూడింతలు అయ్యాయా?"

ఆమెకు ఒళ్ళు మండింది. "మీకు మంచి వార్త అరగదు మామయ్యగారూ."

"అరుగుతుందమ్మా. కాకపోతే నమిలి తింటాను."

కాగితాల సంగతి ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టవలసిన అవసరమేమిటని తనకు తానే చెప్పుకుని పడుకుంది. అంత గట్టిగా చెప్పుకోవలసి వచ్చిందంటేనే అవసరం ఉందన్నమాట.

ఆ మర్నాడు వార్డులోకి ప్లంబరు వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, చేతిలో పొడవాటి కర్ర ఉంది.

"అమ్మా, మీరు పైన ఆసుపత్రి నడుపుతున్నారా, లాండ్రీ నడుపుతున్నారా?"

"ఏమైంది?"

"కిందికొచ్చి చూడండి. ఎక్స్‌రే గది ముందు నేల జాలీ లోంచి నురుగు పొంగుతోంది. క్యూలో ఉన్నవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అది మీ వార్డు గొట్టమే. ఇంత సబ్బు నీళ్ళతో కలిసి దిగింది కాదు. ఎవరో ఒట్టి సబ్బే పోశారు."

ఆమె కిందికి వెళ్ళి చూసింది. తెల్లటి నురుగు గుట్ట నిదానంగా ఎక్స్‌రే గది గుమ్మం వైపు జరుగుతోంది. ఆమె దాన్ని చూసి, నేరుగా పైకి వచ్చి, స్టోరు గది తెరిచింది. చేతులు తుడుచుకునే కాగితాల కట్టలు ఎప్పటిలాగే, ఎప్పుడూ అయ్యేంతే అయ్యాయి. మామగారి ప్రశ్నకు అక్కడ జవాబు దొంతరగా పేర్చి ఉంది.

మధ్యాహ్నం టీ వేళకు నర్సుల గదిలో అందరూ చేరారు. చదువులక్క తలుపు దగ్గర నిలబడి, "చేతులు చూపించండి" అంది.

"గోళ్ళు చూస్తావా అక్కా, బళ్ళో లాగా?" అని నవ్వుతూనే రేడియో చేతులు చాపింది. మిగిలినవాళ్ళూ చాపారు. చదువులక్క ఒక్కొక్కటే తిప్పి చూసింది. నిజంగా మూడింతలు కడిగి ఉంటే చర్మం పొడిబారి, వేళ్ళ కణుపుల దగ్గర చిట్లి ఉండాలి. అవన్నీ వెన్నముద్దల్లా ఉన్నాయి.

"నేను ఎవర్నీ ఏమీ అడగను," అంది. "కింద నురుగు పొంగింది. అంతే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చాపిన చేతులన్నీ ఒక్కసారిగా వెనక్కి వెళ్ళాయి.

"రెండు నొక్కులే అక్కా," అంది రేడియో. "డ్యూటీ దిగేటప్పుడు సింకులో రెండు నొక్కులు. నువ్వు స్టోరులో సీసాలు తూస్తుంటే చూశాను. సబ్బు ఎక్కువైతే నీకు మార్కులు ఎక్కువని అర్థమైంది. నేనొక్కదాన్నే, ఎవరికీ తెలీదు."

"నువ్వొక్కదానివేనా?" అన్నాడు బ్రదర్. "నాతో చెప్పినప్పుడు నాకొక్కడికే చెబుతున్నానన్నావు. నేను సీసాడు పట్టుకెళ్ళి స్కూటరు కడిగాను."

"నేను పారబోయలేదమ్మా," అని ఆయమ్మ ముందే రక్షణ కల్పించుకుంది. "బకెట్లో పోసి నేల తుడిచాను. నేల ఎంత తళతళలాడిందో మీరే మెచ్చుకున్నారు కూడా."

రౌండ్ల కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ కుర్ర డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "నేను పాదాల మీద నడవలేదు కానీ సిస్టర్, వెళ్ళేటప్పుడు ప్రతిసారీ నాలుగైదు సార్లు నొక్కి వెళ్ళేవాణ్ణి. మీకు ఉపయోగపడుతుందని రేడియో సిస్టర్ చెప్పారు."

వార్డులోంచి కిటికీ మంచం పెద్దాయన గొంతు వినిపించింది. "మేమూ తలా ఓ చెయ్యి వేశామమ్మా. లేవలేనివాళ్ళ తరఫున లేవగలిగినవాళ్ళు వెళ్ళి నొక్కొచ్చారు."

ప్రతి ఒక్కరూ తానొక్కరే కాస్త సాయం చేస్తున్నానని అనుకున్నారు. ప్రేమకు ఉన్న లోపమే అది. పక్కవాడు కూడా అదే పని చేస్తున్నాడేమోనని కనుక్కోదు. చదువులక్క కోప్పడదామని నోరు తెరిచింది. కానీ స్కూటరు సంగతి గుర్తొచ్చి నవ్వు వచ్చింది. నవ్వి నవ్వి, దుప్పట్ల గదిలోకి వెళ్ళి, అక్కడ కొంచెం ఏడ్చింది. బయటకు వచ్చేసరికి రేడియో గుమ్మంలో తల వంచుకుని ఉంది.

"డిగ్రీ పోయిందా అక్కా?"

"సబ్బు పోయింది. డిగ్రీ సంగతి ఇంకా తెలీదు."

ఆ సాయంత్రం ఇంట్లో మామగారు ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి ఆయన పడుతున్న శ్రమ స్పష్టంగా కనిపిస్తోంది. భర్త మాత్రం, "నురుగు కడిగేశారుగా. థీసిస్‌లో నురుగు గురించి రాయమని ఎవరడుగుతారు?" అన్నాడు.

"ఎవరూ అడగరు. నేను సదస్సులో చదువుతాను. విన్నవాళ్ళు వాళ్ళ ఆసుపత్రుల్లో నీ పాదాలు అంటించుకుంటారు. చేతుల సమస్య తీరిపోయిందని నిశ్చింతగా ఉంటారు. అక్కడ ఆపరేషన్ అయినవాడికి కుట్లు చీము పడితే, ఆ చీము నాది."

"పాదాలు కూడా నావేనాయె," అన్నాడు భర్త.

మర్నాడు ఆమె ప్రొఫెసరమ్మ ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది. స్కూటరు దగ్గరకు వచ్చేసరికి ప్రొఫెసరమ్మ బల్ల మీద తల ఆనించి నవ్వింది. తరువాత కళ్ళు తుడుచుకుని, పాత అంకెలను పక్కకు తోసింది.

"గడువులోపల ఇంకో చిన్న అధ్యయనానికి సమయం సరిగ్గా సరిపోతుంది. ఒక్క రోజు వృథా అయినా సరిపోదు. ఈసారి కాగితాలు కూడా లెక్కపెట్టు. కానీ నీ వార్డు పనికిరాదు. నువ్వంటే ఎవరికీ ఇష్టం లేని వార్డు ఏదైనా ఉందా?"

చదువులక్క ముఖం వికసించింది. "ఉంది మేడమ్. పై అంతస్తులోనే ఉంది."

పై అంతస్తులోని సర్జికల్ వార్డు ఇన్‌చార్జిని తాళాల సిస్టర్ అంటారు. వార్డులో సూది దగ్గర్నుంచి బీరువా దాకా అన్నిటికీ తాళాలు వేసి, గుత్తి నడుముకు వేలాడదీసుకుని తిరిగే మనిషి. ఆ చప్పుడు విని రోగులు సైతం సర్దుకుని పడుకుంటారు. ఒకప్పుడు ఆమె చక్రాల కుర్చీని కింది వార్డు అరువు తీసుకుంది. అది తిరిగి వెళ్ళేసరికి ఒక చక్రం వంకరపోయింది. వంచింది కింది వార్డేనని ఆమె, పైనుంచే వంకరతో వచ్చిందని చదువులక్క వాదించుకున్నారు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"ఏం కావాలి?" అంది తాళాల సిస్టర్, చదువులక్కను గుమ్మంలోనే ఆపి.

"మీ వార్డు కావాలి."

"కుర్చీ అయింది, ఇప్పుడు వార్డే కావాలా."

చదువులక్క సంగతి చెప్పింది. తాళాల సిస్టర్ గుత్తిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ విన్నది.

"మీ వార్డువాళ్ళు నిన్ను నెత్తిన పెట్టుకుంటారుగా. అక్కడే చేసుకో."

"నెత్తిన పెట్టుకునే పాడుచేశారు. నేనంటే గిట్టని వార్డు కావాలి."

"అంటే నువ్వు ఫెయిలవ్వాలని మేం కోరుకుంటున్నామనా నీ ఉద్దేశం?"

"కోరుకోనక్కర్లేదు సిస్టర్. పాసైనా ఫెయిలైనా మీకు ఒకటే అయితే చాలు."

తాళాల సిస్టర్ నిజాయితీగా ఆలోచించింది. "ఆ మాటకొస్తే, నాకు ఒకటే."

"చాలా సంతోషం."

"కానీ ఒక షరతు. ఆ చక్రం వంచింది మీరేనని ఒప్పుకో."

"ఒప్పుకుంటే మీకు నా మీద కోపం తగ్గుతుంది. లెక్కలు పాడవుతాయి. అయ్యాక మాట్లాడుకుందాం."

ఇంత వింత కారణంతో వాయిదా పడిన తగాదా ఆ ఆసుపత్రిలో ఇంకొకటి లేదు.

కింది వార్డుకు చదువులక్క కఠినమైన ఆజ్ఞ జారీ చేసింది: పని మీద తప్ప ఎవరూ మెట్లు ఎక్కకూడదు. పై వార్డు సబ్బు గురించి కలలోనైనా మాట్లాడకూడదు. రేడియోకు ఇది ఉపవాసం కంటే కష్టమైంది. "నేను వెళ్ళి వాళ్ళతో నిన్ను నాలుగు తిట్టి వస్తానక్కా, ఇంకా గట్టిగా గిట్టకుండా ఉంటుంది," అని సాయం చేయబోయింది. ఆ సాయాన్ని కూడా ఆపవలసి వచ్చింది.

పై వార్డులో పచ్చని పాదాలకు ఎలాంటి గౌరవమూ దక్కలేదు. ఒక నర్సు పని కట్టుకుని వాటిని తప్పించుకుని నడిచేది. ఇంకొకామె, "కింది వార్డు దెయ్యం పైకెక్కింది" అంది. చదువులక్క ఆ మాట విని సంతృప్తిగా సీసాలు తూచుకుని దిగివచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమెకు ఎవరి చిన్నచూపు అయినా ఆరోగ్యకరంగా అనిపించింది.

చిక్కు మరోవైపు నుంచి వచ్చింది. ఒక ఉదయం ఆమె సీసాల కోసం పైకి వెళ్ళేసరికి వార్డు తలకిందులుగా ఉంది. ఆపరేషన్ అయినవాళ్ళు ఒకరి వెనుక ఒకరు వచ్చేశారు, డ్యూటీ నర్సుల్లో ఇద్దరు సెలవు. తాళాల సిస్టర్ ఒక మంచం దగ్గర సెలైన్ సరిచేస్తుంటే, ఎదురు మంచం మీదివాడు మత్తు వదిలి వాంతి చేసుకోబోతున్నాడు. అతని తల పక్కకు తిప్పేవాళ్ళు లేరు.

సాయం చేస్తే ఈ వార్డుకు తన మీద ఇష్టం పుడుతుంది. పుడితే అధ్యయనం పోతుంది, దానితో పాటు గడువూ పోతుంది. ఈ ఆలోచన ఆమెకు ఆ తరువాత వచ్చింది. అప్పటికి మాత్రం ఆమె చేతిలోని సీసా కిటికీ అంచున ఉంది, రోగి తల ఆమె మోచేతి మీద ఉంది, మరో చేత్తో పళ్ళెం పట్టుకుంది. అక్కడి నుంచి పచ్చని పాదాల మీదుగా సింకుకు, సింకు నుంచి పక్క మంచానికి, వార్డు ఒక కొలిక్కి వచ్చేదాకా తిరుగుతూనే ఉంది.

అంతా సర్దుకున్నాక ఆమె తాళాల సిస్టర్‌ను పక్కకు పిలిచింది. "ఎలాగూ మీ పిల్లలు పనిలో మునిగి ఉన్నారు, చూసినవాళ్ళు తక్కువ. నేను సాయం చేశానని ఎవరికీ చెప్పకండి."

"ఎందుకు చెబుతాను? నీకు మంచి పేరు తేవడం నా పనా?"

"అది కాదు, మీకు కూడా..."

"నాకేం కాలేదు." తాళాల సిస్టర్ గుత్తి సవరించుకుంది. "ఆ వాంతి పళ్ళెం కడగకుండా వదిలేశావు. అది కూడా మేమే కడుక్కోవాలా?"

చదువులక్క తృప్తిగా వెళ్ళి పళ్ళెం కడిగి పెట్టింది. ఇంటికి వెళ్ళి చెబితే మామగారికి వేరే సందేహం వచ్చింది.

"నువ్వు కడుక్కున్న సబ్బు కూడా సీసాలోదే కదమ్మా?"

"రోగిని ముట్టుకున్నాక కడుక్కోకుండా ఉండాలా, మామయ్యగారూ?"

"కడుక్కోవాలి. ఆ రోజును లెక్కలోంచి తీసెయ్యాలి. తీసేసినట్టు థీసిస్‌లో రాయాలి కూడా."

ఆమె తీసేసింది, రాసింది. చివరి సీసా తూచిన మధ్యాహ్నం తాళాల సిస్టర్ ఎదురొచ్చి, "లెక్కలు అయిపోయాయా?" అని అడిగింది. అయిపోయాయనగానే ఇద్దరూ వాయిదా వేసిన తగాదాను అక్కడే, మెట్ల మీదే అందుకున్నారు. చక్రం కొంత అక్కడా కొంత ఇక్కడా వంగి ఉండవచ్చునన్న చోట అది ఆగింది.

ఫలితం చిన్నది. పాదాలు వచ్చాక సబ్బు వాడకం పెరిగింది, కానీ పావు వంతు కూడా కాదు. ఆమె అంతకంటే ముందు కాగితాలు చూసింది. కాగితాలు కూడా పెరిగాయి, దాదాపు అంతే. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని, ఒకదాన్నొకటి బలపరుస్తూ ఉన్న ఆ రెండింటినీ చాలాసేపు చూస్తూ కూర్చుంది. మూడింతలు చూసిన రోజున ఆమె బస్సులో కూర్చోవడం మరిచిపోయింది. ఈ రోజు మాత్రం హాయిగా కూర్చుని, స్టాపు దాటిపోయేదాకా నిద్రపోయింది.

వైవాకు వేరే కాలేజీ నుంచి పరీక్షకురాలు వచ్చింది. నవ్వని మనిషి. కాగితాలు తిప్పుతూ, "ఇంత హడావుడి చేసి పెరిగింది ఇంతేనా?" అంది. "కొండను తవ్వి ఎలుకను పట్టారే."

"ఎలుకేనండీ," అంది చదువులక్క. "కానీ ప్రాణమున్న ఎలుక. మొదటిసారి పట్టింది నురుగుతో చేసిన ఏనుగు. దాని గురించి మూడో అధ్యాయంలో ఉంది."

పరీక్షకురాలు మూడో అధ్యాయం తెరిచింది. ప్రొఫెసరమ్మ కిటికీ బయటకు చూడటం మొదలుపెట్టింది. స్కూటరు ఏ పేజీలో ఉందో చదువులక్కకు తెలుసు కాబట్టి ఆ పేజీ వచ్చేసరికి ఆమె పరీక్షకురాలి ముఖం వైపే చూసింది. పరీక్షకురాలు నవ్వలేదు. ఆ పేజీ రెండుసార్లు చదివింది.

"విఫలమైన అధ్యయనాన్ని ఎందుకు ఉంచారు? ఉంచమని ఎవరూ అడగరే."

"ఇంకో నర్సు ఇదే పని మొదలుపెడితే, ముందు ఆమె అంటే ఎంతమందికి ఇష్టమో కనుక్కోవాలి కదండీ."

పరీక్షకురాలు సంతకం పెట్టి, శీర్షికలో ఒక మాట మార్చమని చెప్పి, పంపించింది. ఆ మాట మార్చి ఇస్తే చాలు, డిగ్రీ వచ్చినట్టే.

కింది వార్డు ఆ వార్తను ఎలా స్వీకరించిందో చెప్పడం కంటే, ఆ రోజు కుర్ర డాక్టరు పచ్చని పాదాల మీదే నడిచి సింకు దాకా వెళ్ళాడని చెబితే సరిపోతుంది. శిక్షణ నర్సుగా ఆర్డరు చేతికి వచ్చాక, చదువులక్క అధ్యయనానికి అరువు తెచ్చుకున్నవన్నీ తిరిగి ఇచ్చేసే పనిలో పడింది. పై వార్డుకు వెళ్ళి, నేల మీద కూర్చుని, మొదటి పాదం అంచు గోటితో లేపడం మొదలుపెట్టింది.

తాళాల చప్పుడు దగ్గరకు వచ్చి ఆగింది.

"ఏం చేస్తున్నావు?"

"నా పని అయిపోయిందిగా సిస్టర్. మీ నేల మీకు అప్పగిస్తున్నాను."

"ఎవరు పీకమన్నారు?"

చదువులక్క తలెత్తి చూసింది. తాళాల సిస్టర్ ముఖంలో స్నేహం జాడేమీ లేదు.

"మా పిల్లలు వాటికి అలవాటు పడ్డారు. ఇప్పుడు పీకితే మళ్ళీ దారి మరిచిపోతారు. నీ కోసమేం కాదు. నువ్వు పాసైనా ఫెయిలైనా నాకు ఒకటేనని ముందే చెప్పాను."

"చెప్పారు సిస్టర్."

"సగం లేపావు చూడు. ఎవరైనా తట్టుకుని పడితే ఎవరిది బాధ్యత?"

చదువులక్క లేచి నిలబడి, లేచిన అంచును చెప్పు మడమతో నొక్కి, మళ్ళీ నేలకు అతికించింది.